బ్యానర్ దించిన రోజు

ఆదివారం సాయంత్రం వార్తలతో మొదలైంది ఇదంతా. డబ్బున్న ఫుట్‌బాల్ క్లబ్బులు పద్నాలుగు, ఎవరి దేశంలోని లీగ్‌కి వాళ్ళు నమస్కారం పెట్టేసి, తమకు తాము ఒక కొత్త లీగ్ పెట్టుకుంటున్నాయని, అందులో మన రావెన్స్‌మూర్ అథ్లెటిక్ కూడా ఉందని టీవీలో చెప్పారు. ఆ లీగ్‌లో ఎంత ఓడినా ఎవరూ కింది లీగ్‌లోకి దిగరు. కింద ఎంత గెలిచినా ఎవరూ పైకి రారు. సోమవారం పొద్దున్నే టెర్రీ ఆగ్డెన్ వచ్చి ఐలీన్ థ్రెల్‌ఫాల్ గుమ్మం ముందు నిలబడ్డాడు. "రేపు మిల్ లేన్ గ్రౌండ్ గేటు దగ్గరికి ఊరంతా వస్తోంది. మన బ్యానర్లు మనం దించేసుకుంటున్నాం. క్లైవ్ కుట్టింది క్లైవ్ పెళ్ళామే దించాలి" అన్నాడు.

ఐలీన్ సరేనంది. కాదనాలంటే కారణం చెప్పాలి, సరే అనడానికి ఏమీ చెప్పనక్కర్లేదు. జనవరి నుంచి ఆమె చాలా వాటికి అలాగే సరే అంటూ వస్తోంది.

క్లైవ్ పోయింది జనవరిలోనే. ఇరవై రెండేళ్ళు అథ్లెటిక్ అభిమానుల సంఘానికి కార్యదర్శిగా ఉన్న మనిషి. క్లబ్బు పెద్దలతో మాట్లాడాలన్నా, పోట్లాడాలన్నా సంఘం తరఫున వెళ్ళేది అతనే. మామూలు రోజులైతే శవపేటిక వెనక వెయ్యి మంది నడిచేవాళ్ళు. కరోనా వల్ల అప్పుడు పది మందికే అనుమతి. మిల్ లేన్ గ్రౌండ్ ముందు కారు ఒక్క నిమిషం ఆగింది. గేట్లకు తాళాలు వేసి ఉన్నాయి. ఐలీన్ ఆ తాళాలనే చూసింది. ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఏడవలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ బస్సెక్కారు. టెర్రీ ముప్పై ఏళ్ళు అదే రూటులో బస్సు నడిపి రిటైరైనవాడు. సంఘంలో క్లైవ్‌కి కుడిభుజం. మ్యాచ్ రోజుల్లో గ్రౌండులో ఉత్తరం వైపు ప్రేక్షకుల స్టాండులో డ్రమ్ము కొట్టేది కూడా అతనే. డెబ్బై ఏళ్ళొచ్చినా మెడలో ఎరుపూ తెలుపూ మఫ్లర్ లేకుండా గడప దాటడు.

"వాళ్ళ కాగితాల్లో మనల్ని పాత అభిమానులని రాశారంట, విన్నావా?" అన్నాడు కూర్చుంటూనే. "మనమేమైనా పాత ఇనప సామానా, వీధిలోకి బండొచ్చినప్పుడు వేసెయ్యడానికి?"

"ఎవరు చెప్పారు?"

"పేపర్లో వేశారు. కొత్త అభిమానులు కావాలంట. ఎక్కడో పదివేల మైళ్ళ అవతల సోఫాలో కూర్చుని చూసేవాళ్ళు. వాళ్ళకి వాన తడి తెలుసా? మన స్టాండులో మరుగుదొడ్డి వాసన తెలుసా?"

బస్సు నడుపుతున్న కుర్రాడు అద్దంలోంచి చూసి నవ్వాడు. "తెలీకడుగుతాను పెద్దాయనా, ప్రతి వారం పెద్ద పెద్ద టీములొచ్చి ఆడితే నీకొచ్చిన నష్టమేంటి?"

"నష్టమా?" టెర్రీ సీటులోంచి సగం లేచాడు. "ఓడిపోతామేమోనన్న భయం లేకపోతే అదేం ఆటయ్యా? రెండుసార్లు కిందికి దిగిపోయాం మేము. ఊరవతల బురద గ్రౌండ్లలో మూడొందల మందిమి గొడుగులు పట్టుకుని నిలబడ్డాం. తిరిగి పైకొచ్చిన రోజు ఈవిడ మొగుడు నన్నెత్తుకుని బస్టాండులో గిరగిరా తిప్పాడు. అప్పుడు నేను వంద కిలోలు. మూడు రోజులు నడుం పట్టేసి మంచం మీదున్నాడు పాపం."

"మరి మీరేమంటారమ్మా?" అన్నాడు కుర్రాడు ఐలీన్‌ని.

"మా స్టాపు వచ్చింది" అంది ఐలీన్.

మిల్ లేన్ పొడుగునా జనం. ఏడాదిగా ఒకచోట అంతమందిని చూడలేదేమో, ఆమెకు వాళ్ళు మనుషుల్లా కాక టీవీలో బొమ్మల్లా కనిపించారు. మాస్కుల వెనక నుంచి అరుపులు. ఎర్ర పొగ. ఎవరో ఒక అట్టపెట్టెకు నల్ల గుడ్డ చుట్టి "అథ్లెటిక్, నూట ఇరవై తొమ్మిదేళ్ళు" అని రాసి గేటు ముందు పెట్టారు. దాని మీద పూలు. ఒకావిడ చిప్స్ పొట్లం పట్టుకుని తింటూనే ఏడుస్తోంది. తన చుట్టూ ఇంత జరుగుతుంటే తనకేమీ అనిపించకపోవడం ఐలీన్‌కి కాస్త సిగ్గుగా తోచింది. ఆ సిగ్గు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

గేటు దగ్గర కాపలా ఉన్నది నజీర్. పదిహేనేళ్ళుగా ఆ గేటు దగ్గరే అతని ఉద్యోగం.

"ఒక్కొక్కరినే లోపలికి పంపమన్నారు ఆంటీ" అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. "క్లైవ్ అంకుల్ చూడాల్సిన రోజు కాదిది."

"చూడ్డం లేదుగా" అంది ఐలీన్. అన్నాక గానీ ఆ మాట ఎంత మొరటుగా ఉందో తెలియలేదు. నజీర్ తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు.

ఉత్తరం స్టాండు ఖాళీగా ఉంది. గడ్డి మాత్రం ఎప్పటికన్నా పచ్చగా, ఎవరూ తొక్కనట్టు ఉంది. కింది వరసల కుర్చీల మీద ముప్పై అడుగుల బ్యానర్ పరచి, కడ్డీలకు తాళ్ళతో కట్టి ఉంది. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు: "వానలో కూడా మేమే." క్లైవ్ దాన్ని వంటింటి నేల మీద పరిచి మూడు వారాలు కుట్టాడు. కొలత చూసుకోకుండా మొదలుపెట్టడం వల్ల చివరి అక్షరాలు చోటు చాలక ఒకదాని మీదొకటి ఎక్కాయి. తాళ్ళు ఇరవై రెండు. ముళ్ళన్నీ అతని చేతివే. ఏడాది వానకు తడిసి, ఎండి, రాళ్ళలా బిగుసుకుపోయాయి.

ఐదో ముడి విప్పుతుండగా వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

"అమ్మా."

ఆ గొంతు కర్స్టీది. ఐలీన్‌కి ఒక్కతే కూతురు. క్లబ్బు కార్యాలయంలో పత్రికల విభాగం చూస్తుంది. క్లబ్బు ముద్ర ఉన్న నల్ల కోటు వేసుకుంది. కళ్ళ కింద నిద్ర లేని చారలు.

"మెట్లు జారతాయి, చూసి దిగు" అంది ఐలీన్.

"ఆదివారం నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను నీకు."

"మోగింది."

"మరి ఎత్తలేదేం?"

"మోగి ఆగిపోయింది."

కర్స్టీ రెండు మెట్ల పైనే ఆగిపోయింది. "ఆ ప్రకటన నేనే రాశానమ్మా. కొత్త లీగ్ గురించి ఆదివారం వచ్చిందే, అది. నేనే రాశాను."

"తెలుసు. 'మనందరి ప్రయాణంలో ఒక కొత్త మలుపు' అని చదివారు. బళ్ళో నువ్వు రాసిన ప్రతి వ్యాసంలోనూ ఒక ప్రయాణం ఉండేది."

కర్స్టీ నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. "శనివారం రాత్రి పిలిచి కూర్చోబెట్టారు. ఫోన్లు తీసేసుకున్నారు. రాస్తావా, మానేస్తావా అన్నారు. రాశాను. ఇప్పుడు నన్ను తిట్టు. ఏదో ఒకటి అనమ్మా, ఇలా ఉండకు."

ఐలీన్ కోపం కోసం లోపల వెతుక్కుంది. అక్కడే ఎక్కడో ఉండాలి. మూడు నెలల కింద అయితే ఈపాటికి స్టాండు కప్పు ఎగిరిపోయేలా అరిచి ఉండేది. ఇప్పుడు చేతికేమీ తగల్లేదు.

"ఆ చివర ముడి పట్టుకో" అంది.

కర్స్టీ దిగి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి నాలుగైదు ముళ్ళు విప్పారు. బయట జనం ఒక్కసారిగా గొంతెత్తారు. ఆ అరుపు ఖాళీ కుర్చీల మధ్య తిరిగి తిరిగి పోయింది.

"సాయంత్రం నువ్వు మాట్లాడతావని టెర్రీ అంకుల్ అందరికీ చెప్తున్నాడు" అంది కర్స్టీ.

"చెప్తున్నాడు."

"మాట్లాడకమ్మా."

ఐలీన్ చేతులు ఆగలేదు. "నువ్వే వచ్చావా, నిన్నెవరైనా పంపారా?"

కర్స్టీ విప్పిన తాడు కొస వేలికి చుట్టుకుంది. "రెండూ" అంది.

కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని కూర్చుంది. "పొద్దున మా పై అధికారి పిలిచి ఇది చూపించాడు. నాకు అంతకుముందు తెలీదమ్మా. ఒట్టు. నాన్న మీదొట్టు."

ఐలీన్ చెయ్యి చాపి తీసుకుంది. క్లబ్బు ముద్ర ఉన్న కాగితం అది. కొత్త లీగ్ ఆలోచన గురించి అభిమానుల ప్రతినిధిగా తనకు తెలియజేశారని, ఆ సమావేశంలో విన్నది బయట ఎవరికీ, ఇంట్లోవాళ్ళకు సైతం, చెప్పనని అందులో ఉంది. కింద తేదీ అక్టోబరు ఎనిమిది. దాని పక్కన సంతకం. మొదటి అక్షరం తోక కాగితం అంచు దాకా లాగిన ఆ సంతకాన్ని నలభై ఒక్క ఏళ్ళుగా చూస్తోంది ఆమె. ఎవరో చేసిన దొంగ సంతకం అనుకోవడానికి సందే లేదు.

"నాన్నకు ముందే తెలుసు" అంది కర్స్టీ, ఆమె చదవలేదేమోనన్నట్టు.

అక్టోబరు ఎనిమిది గురువారం. ఐలీన్‌కి గుర్తుంది, ఎందుకంటే గురువారాల్లో లివరు, ఉల్లిపాయలు వేయిస్తుంది. క్లైవ్ క్లబ్బు నుంచి వచ్చి సగం తిని వదిలేశాడు. ఏం మాట్లాడారని అడిగితే, "గడ్డి గురించి. కొత్త గడ్డి వేస్తారంట" అన్నాడు. తర్వాత వానలో నిచ్చెన వేసుకుని చూరు కాలవలో ఆకులు తీస్తానని పైకెక్కాడు. పడి చస్తావు, దిగమని ఆమె కిందనుంచి అరిచింది. చీకటి పడేదాకా దిగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అతను ఆకులు తీస్తున్నట్టే లేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్‌లో అతని ముఖం చూపించిన చివరి రోజు, "నీకో మాట చెప్పాలి" అన్నాడు క్లైవ్. ఊపిరి అందలేదు. ఆ మాట రాలేదు. మూడు నెలలుగా ఐలీన్ ఆ రాని మాటను తనకు నచ్చినట్టు పూరించుకుని దాచుకుంది. అది తన కోసమే అనుకుంది.

"ఒప్పుకున్నాడా?" అంది.

"ఏంటమ్మా?"

"దీనికి. ఒప్పుకున్నాడా, విని ఊరుకున్నాడా?"

"కాగితంలో విన్నాడనే ఉంది. వాళ్ళు మాత్రం ఒప్పుకున్నాడనే చెప్తారు. 'అభిమానులను సంప్రదించాం, వాళ్ళ ప్రతినిధికి ఆరు నెలల ముందే తెలుసు' అని పత్రికలకిస్తారు. నువ్వు మైకు పట్టుకోకపోతే ఇది ఫైల్లోనే ఉంటుందంట. పట్టుకుంటే రేపటి పేపర్లో ఉంటుంది." కర్స్టీ గేటు వైపు చూసింది. "ఊరంతా నాన్నను ఏమంటారో తెలుసుగా నీకు. ఇప్పుడు బయట ఆయన ఫొటో పట్టుకుని నిలబడ్డవాళ్ళే, దాన్ని కాళ్ళ కిందేసి తొక్కుతారు. ఇంటికి వెళ్ళిపోదాం పద. వెనక గేటు దగ్గర నా కారుంది."

"నువ్వు డ్యూటీలో ఉన్నావుగా."

"అమ్మా!"

"ఇంకా పదకొండు ముళ్ళున్నాయి" అంది ఐలీన్.

పదకొండూ విప్పారు. రెండు రాకపోతే నజీర్‌ని కేకేసి కత్తి తెప్పించుకుని కోశారు. తల్లి ఒక కొస, కూతురు ఒక కొస పట్టుకుని, దుప్పట్లు మడిచినట్టే, సగానికి మడిచి దగ్గరికి నడిచారు. మళ్ళీ దూరం జరిగారు, మళ్ళీ దగ్గరికొచ్చారు. మూడోసారి దగ్గరికొచ్చినప్పుడు కర్స్టీ తల్లి భుజం మీద తల పెట్టి భోరుమంది. ఐలీన్ ఒక చేత్తో బ్యానర్ పట్టుకుని, ఇంకో చేత్తో కూతురి వీపు నిమిరింది. తన చెయ్యి ఎవరిదో అయినట్టు, దూరంనుంచి చూస్తున్నట్టు ఉంది ఆమెకు. ముందు, ఈ పిల్ల ఉద్యోగం పోతుందనుకుంది, ఆ తర్వాత, ముక్కు తుడుచుకోవడానికి నా దగ్గర రుమాలుందా అనుకుంది. రెండూ ఒకే బరువుగా తోచాయి.

"ఆ కాగితం ఇటివ్వమ్మా. నేను వెనక్కి ఇచ్చెయ్యాలి."

"ఉండనీ."

"అది కాపీయేలే. అసలుది వాళ్ళ దగ్గరే ఉంది."

"కాపీ అయితే మరీ మంచిది. నువ్వు పోగొట్టావనరు" అని మడిచి కోటు జేబులో పెట్టుకుంది ఐలీన్.

బ్యానర్ రెండు చేతులా ఎత్తుకుని గేటు దాటగానే జనం రెండు పాయలుగా విడిపోయి దారిచ్చారు. అరుపులు ఆగిపోయాయి. ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. అవి వీధి చివరి దాకా పాకాయి. ఆమె తలవంచుకుని నడిచింది. చేతుల్లో తడి గుడ్డ పసిపిల్లంత బరువుంది.

టెర్రీ ఒక పాత చెక్కపెట్టె మీద నిలబడి చేతి మైకులో మాట్లాడుతున్నాడు. దాని బూర అతని ముఖం కన్నా పెద్దది.

"ఇదిగో, క్లైవ్ థ్రెల్‌ఫాల్ చేత్తో కుట్టిన గుడ్డ! క్లైవ్ బతికుంటే ఇది జరగనిచ్చేవాడా?"

"లేదు!" అంది మిల్ లేన్.

"వాళ్ళ గుమ్మానికి అడ్డంగా పడుకునేవాడా, కాదా?"

"పడుకునేవాడు!"

టెర్రీ కళ్ళ నిండా నీళ్ళు. కిందికి వంగి ఐలీన్ చెయ్యి పట్టుకుని పెట్టె మీదికి లాగాడు. బ్యానర్ ఎవరో అందుకున్నారు. "ఒక్క మాట చాలు ఐలీన్. క్లైవ్ తరఫున ఒక్క మాట. ఈ మీట నొక్కి పట్టుకుని మాట్లాడు."

ముందు వరసలో క్లైవ్ ఫొటోలు నాలుగు కనిపించాయి. కెమెరాలు కనిపించాయి. పై అంతస్తు కిటికీలో నల్ల కోటు ఒకటి కనిపించింది. అది కర్స్టీయో కాదో అంత దూరం నుంచి తెలియలేదు.

ఐలీన్ మీట నొక్కింది.

"నాకు మాట్లాడ్డం రాదు. మా ఇంట్లో మాట్లాడేది క్లైవ్."

జనం ఆప్యాయంగా నవ్వారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగింది. జేబులో కాగితం తియ్యనక్కర్లేదనిపించింది. అందులో ఉన్నదంతా నోటికొచ్చేసింది.

"ఈ సంగతి క్లైవ్‌కి ముందే తెలుసు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. కొందరు చప్పట్లు కొట్టబోయి ఆగారు.

"అక్టోబరులో పిలిచి చెప్పారు అతనికి. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాడు. నాకూ చెప్పలేదు. ఎందుకు పెట్టాడో నాకు తెలీదు. నేను ఇక్కడ నిలబడితే ఆ కాగితం పేపర్లకిస్తామన్నారు క్లబ్బువాళ్ళు. వాళ్ళు చెప్పేలోపు నేను చెప్తున్నాను, అంతే."

ఆమె గొంతు నిదానంగా, కిరాణా జాబితా చదువుతున్నంత మామూలుగా వీధిలో మోగింది. చెప్పడం అయిపోయాక ఏదైనా అనిపిస్తుందేమోనని చూసుకుంది. పొగ కళ్ళల్లో పడి మండుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

"అబద్ధం!" వెనకనుంచి ఎవరో అరిచారు. "క్లబ్బోళ్ళు చెప్పించారు ఆవిడచేత!"

"కూతురు అక్కడే పనిచేస్తోందిగా!"

"క్లైవ్ అలాంటోడు కాదు! దింపండి ఆవిణ్ణి!"

ముందు వరసలో ఒక ఫొటో మెల్లగా కిందికి దిగింది. పట్టుకున్నావిడ దాన్ని ఏం చెయ్యాలో తెలియక గుండెలకు హత్తుకుంది. గేటు దగ్గర నజీర్ జనాన్ని తోసుకుంటూ పెట్టె వైపు రావడం మొదలుపెట్టాడు.

అప్పుడు టెర్రీ ఐలీన్ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా, నొప్పెట్టేలా పట్టుకున్నాడు. అతని ముఖంలో రక్తం లేదు.

"చాలు ఐలీన్. ఇంక ఆపు."

"అయిపోయింది టెర్రీ. ఇంకేం లేదు చెప్పడానికి."

"అది కాదు." ఆమె చెవి దగ్గరికి వంగాడు. అతని పెదవులు ఆమె చెంపకు తగులుతున్నంత దగ్గరగా ఉన్నాయి. "వాణ్ణొక్కణ్ణే అనకు. సంతకం పెట్టమని వాణ్ణి బతిమాలింది నేను. ఆ గదిలో నేనూ ఉన్నాను."

ఐలీన్ బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. టెర్రీ గుసగుసగా అన్న ప్రతి మాటా బూరలోంచి మిల్ లేన్ చివరి ఇంటి దాకా వినబడింది.